కొత్త సబ్‌స్క్రైబర్లకి ఆటోమేటిక్ మెయిల్స్: ఎన్ని పంపాలి, ఎక్కడ ఆపాలి?

స్వరలిపి:

అందరికీ నమస్కారం.

నేను ఆన్‌లైన్‌లో కీబోర్డు నేర్పిస్తాను. రికార్డు చేసిన పాఠాలతో ఒక కోర్సు ఉంది, అది డబ్బు కట్టి చేరేది. దాంతోపాటు కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి నొక్కేవి) చార్ట్ ఒకటి పీడీఎఫ్‌గా ఉచితంగా ఇస్తున్నాను. వెబ్‌సైట్‌లో మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లకి అది వెళ్తుంది. అలా చేరినవాళ్లు ఇప్పటికి రెండు వేలు దాటారు. వాళ్లకి నేను పంపిందల్లా ఆ పీడీఎఫ్, ఆ తర్వాత ఎప్పుడైనా తీరిక దొరికినప్పుడు రాసిన ఉత్తరాలు, అంతే.

ఇప్పుడు దీన్ని ఒక పద్ధతిలో పెట్టాలనుకుంటున్నాను. ఎవరు ఎప్పుడు చేరినా, ఆ రోజు నుంచి వాళ్లకి వరసగా మెయిల్స్ వెళ్లాలి. ముందు నేర్చుకోవడానికి పనికొచ్చేవి, తర్వాత కోర్సు గురించి. మెయిల్స్ పంపే టూల్ తీసుకున్నాను, ఆటోమేషన్ స్క్రీన్ తెరిచాను. ట్రిగ్గర్ (వరస దేనితో మొదలవ్వాలో), డిలే (ఎంతసేపు ఆగాలో), కండిషన్ (ఏ షరతు చూడాలో), ట్యాగ్ (మనిషికి వేసే గుర్తు) అని బాక్సులున్నాయి. వాటిని ఒకదానికొకటి ఎలా కలపాలో అర్థమైంది గానీ, లోపల ఏం పెట్టాలన్నదే తేలడం లేదు.

వెతికితే ఒకచోట ఐదు మెయిల్స్ చాలంటారు, ఇంకోచోట పన్నెండు ఉండాలంటారు. రోజూ పంపమనేవాళ్లున్నారు, వారానికి ఒకటే పంపమనేవాళ్లూ ఉన్నారు. నా దగ్గర నేర్చుకునేవాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట కాసేపు ప్రాక్టీస్ చేసేవాళ్లు. వాళ్లని విసిగించడం నాకు ఇష్టం లేదు.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. పాత రెండు వేల మందిని కూడా ఈ వరసలోకి తేవాలా? అందరికీ ఒకేసారి వెళ్తే స్పామ్‌లో పడతాయేమోనని భయం. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్తారా?

ఉత్తరాలపెట్టె:

స్వరలిపి గారూ, ఇంకా ఏదీ ఆన్ చేయకముందే అడిగారు, మంచి పని చేశారు. నేను చాలా ఏళ్లుగా చిన్న చిన్న వ్యాపారాలకి ఈ మెయిల్ సీక్వెన్సులు కట్టి నడిపే పనిలో ఉన్నాను. నాకు చాలా ఇష్టమైన పని ఇది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఎన్ని మెయిల్స్ అన్న సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఒక కాగితం తీసుకుని, మనిషి ఈ వరసలోంచి ఏయే కారణాలతో బయటికి రావాలో రాయండి. దాదాపు అందరూ లోపలికి వచ్చే దారి గురించే ఆలోచిస్తారు: ట్రిగ్గర్ ఏమిటి, మొదటి మెయిల్ ఏమిటి, రెండోది ఏమిటి అని. కానీ చదివేవాళ్లకి విసుగు పుట్టేది ఎక్కువగా ఆగాల్సిన చోట మెయిల్స్ ఆగకపోవడం వల్లే.

మీ విషయానికొస్తే, కోర్సులో చేరినవాళ్లు వెంటనే బయటికి రావాలి. అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లనీ, స్పామ్ అని నొక్కినవాళ్లనీ, ఐడీ పనిచేయక మెయిల్ తిరిగొచ్చినవాళ్లనీ చాలా టూల్స్ వాటంతట అవే ఆపేస్తాయి. అయినా ఒకసారి సెట్టింగ్స్ తెరిచి చూసుకోండి. ఇక మీకు రిప్లై రాసినవాళ్లు. వాళ్లతో మీరు మాటల్లో ఉండగా అటు మెషీన్ తన మెయిల్ తను పంపుతూ పోతే బాగుండదు. రిప్లై వచ్చిందని చాలా టూల్స్‌కి తెలియదు కాబట్టి మీరే ఒక ట్యాగ్ వేసి వాళ్లని కొన్నాళ్లు ఆపాలి. చివరి మెయిల్ దాకా వచ్చి కూడా ఏమీ చేయనివాళ్లు మిగులుతారు. వాళ్లు మీ మామూలు ఉత్తరాల లిస్టులోకి వెళ్లాలి. వాళ్లకి మళ్లీ మొదటి మెయిల్ నుంచి మొదలుపెట్టకూడదు.

వీటన్నిట్లో కొన్నవాళ్ల సంగతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మీ వరసలో ఐదో మెయిల్ కోర్సు గురించి అనుకుందాం. ఒకావిడ నాలుగో మెయిల్‌లోని లింక్ నొక్కి, పేజీ అంతా చదివి, ఆ రాత్రే డబ్బు కట్టి చేరిపోయింది. పొద్దున్నే ఆవిడకి "ఇంకా ఆలోచిస్తున్నారా?" అని మీ నుంచి మెయిల్ వెళ్తుంది. మీ మీద నమ్మకంతో ఇప్పుడిప్పుడే డబ్బు కట్టిన మనిషి ఆవిడ. తనెవరో కూడా మీకు తెలియదన్న మాట అక్కడ పడుతుంది.

ఇది జరక్కుండా ఉండాలంటే కండిషన్ బాక్సు ఎక్కడ ఉందో చూసుకోవాలి. చాలామంది "కొన్నారా? లేదా?" అన్న బాక్సు పెట్టి, దాని తర్వాత మూడు రోజుల డిలే పెట్టి, ఆ తర్వాత మెయిల్ పెడతారు. అప్పుడు ఆ మూడు రోజుల్లో కొన్నవాళ్లకి కూడా మెయిల్ వెళ్లిపోతుంది. ముందు డిలే, తర్వాత కండిషన్, దాని వెంటనే మెయిల్, ఈ వరసలో ఉండాలి. అంటే పంపే క్షణంలో చెక్ చేయాలన్నమాట. మీ టూల్‌లో గోల్ అనో ఎగ్జిట్ కండిషన్ అనో మొత్తం ఆటోమేషన్‌కి ఒకేసారి పెట్టే సౌకర్యం ఉంటే ఇంకా మంచిది. కొన్న ట్యాగ్ పడగానే మనిషి ఏ మెట్టు మీద ఉన్నా బయటికి వచ్చేస్తారు.

అయినా ఒక చిక్కు మిగులుతుంది. పీడీఎఫ్ కోసం సొంత ఐడీ ఇచ్చి, డబ్బు కట్టేటప్పుడు ఆఫీసు ఐడీ ఇచ్చేవాళ్లు ఉంటారు. మీ టూల్‌కి వాళ్లు ఇద్దరు వేరు వేరు మనుషులు. కొన్న ట్యాగ్ ఒక ఐడీకి పడుతుంది, మెయిల్స్ ఇంకో ఐడీకి వెళ్తూనే ఉంటాయి. దీనికి పూర్తి పరిష్కారం లేదు గానీ తగ్గించే మార్గాలు రెండున్నాయి. మెయిల్‌లో ఇచ్చే కోర్సు లింక్‌తోపాటు ఆ సబ్‌స్క్రైబర్ నంబరు కూడా వెళ్లేలా చేసి, పేమెంట్ పేజీలో ఐడీ ముందే నింపి ఉండేలా చూడొచ్చు. మెయిల్ ఐడీనే నేరుగా లింక్‌లో పెట్టకండి, అది మీ అనలిటిక్స్‌లోకి (వెబ్‌సైట్‌కి వచ్చేవాళ్ల లెక్కలు చూపే టూల్‌లోకి) చేరిపోతుంది. అలాంటి వ్యక్తిగత సమాచారాన్ని పంపడం గూగుల్ అనలిటిక్స్ నిబంధనలకి విరుద్ధం కూడా.

రెండో మార్గం నాకు మరీ ఇష్టం. కోర్సు గురించిన ప్రతి మెయిల్‌లోనూ కింద ఒక వాక్యం పెట్టండి: "ఇప్పటికే చేరారా? లేక కోర్సు మీకు ఇప్పుడు వద్దా? ఇక్కడ నొక్కండి. పాఠాలు వస్తూనే ఉంటాయి, కోర్సు గురించిన మెయిల్స్ మాత్రం ఆగిపోతాయి." ఆ లింక్ నొక్కగానే ట్యాగ్ పడేలా పెట్టకుండా, ఒక పేజీ తెరుచుకుని అందులో బటన్ నొక్కితే పడేలా పెట్టండి. ఆఫీసు మెయిల్స్‌కి కాపలా ఉండే సెక్యూరిటీ స్కానర్లు మెయిల్‌లోని లింకులన్నీ వాటంతట అవే తెరిచి చూస్తుంటాయి. వాటి క్లిక్‌తో మనిషి వరసలోంచి పోకూడదు కదా.

ఇక మెయిల్స్ సంగతి. నాకు కీబోర్డు కొంచెం వచ్చు, అందుకని మీ పాఠంతోనే చెప్తాను. మొదటి మెయిల్ ఐడీ ఇచ్చిన వెంటనే వెళ్లాలి. పీడీఎఫ్‌ని అటాచ్ చేయకుండా లింక్ ఇవ్వండి. రెండోది మర్నాడో ఆ పైరోజో వెళ్లొచ్చు. అందులో చార్ట్ మొత్తం గురించి మాట్లాడకండి, చేతికి ఒక్క పని చెప్పండి. ఉదాహరణకి సీ మేజర్‌లో సీ, ఈ, జీ నొక్కి ఉన్నారు. జీ మీదున్న వేలు ఒక్కటి జరిపి ఏ మీద పెడితే ఏ మైనర్ వచ్చేస్తుంది. ఇప్పుడు ఈ మీదున్న వేలు జరిపి ఎఫ్ మీద పెడితే ఎఫ్ మేజర్. చెయ్యి ఎక్కడికీ దూకలేదు, ఒక్కోసారి ఒక్క వేలే కదిలింది, మూడు కార్డ్స్ వచ్చేశాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు కార్డ్ మారినప్పుడల్లా చెయ్యి మొత్తం ఎత్తి వెతుక్కుంటారు. వాళ్లకి ఈ ఒక్క మెయిల్ చేసే మేలు ఇంతా అంతా కాదు. మీ దగ్గర నేర్చుకుంటే ఎలా ఉంటుందో వాళ్లకి అక్కడే తెలిసిపోతుంది.

ఆ మెయిల్ తర్వాత ఎన్ని రోజులు ఆగాలి? ఆ మూడు కార్డ్స్ వాళ్ల చేతికి అలవాటు కావడానికి ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులు. మూడో నాలుగో అనుకోండి. డిలే బాక్సులో పెట్టే అంకె అలా పాఠం నుంచి రావాలి. రోజూ పంపాలా వారానికోసారి పంపాలా అన్న వాదనలన్నీ ఈ లెక్క వేసుకుంటే అక్కర్లేదు.

అలా చూస్తే మీకు ఆరు మెయిల్స్ సరిపోతాయి, మొత్తం మూడు వారాల లోపు. మూడోది చదివేవాళ్లకి తరచూ వచ్చే ఇబ్బంది ఒకటి తీసుకుని తీర్చాలి. నాలుగోదాంట్లో పాఠం ఉంటూనే చివర్లో కోర్సు ప్రస్తావన రావచ్చు. ఐదోది పూర్తిగా కోర్సు గురించే: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు, ధర ఎంత, ఎంత సమయం పెట్టాలి. ఎవరికి పనికిరాదో రాయడం మానకండి. ఆరోది జనం మామూలుగా అడిగే సందేహాలకి జవాబులు. అక్కడితో అమ్మకం మాట ఆగిపోవాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆఫర్ నిజంగా ముగిసేదైతేనే "ఈ రాత్రితో ఆఖరు" అని రాయండి. ఆటోమేషన్‌లో ఉన్న ఆ వాక్యం ఇవాళ చేరినవాళ్లకీ వెళ్తుంది, ఆర్నెల్ల తర్వాత చేరినవాళ్లకీ వెళ్తుంది. ఇద్దరు స్నేహితులు మాట్లాడుకుంటే చాలు, అబద్ధమని తెలిసిపోతుంది. సంగీతం నేర్పే మనిషి మాట నమ్మేలా ఉండాలి.

డొమైన్‌డెస్క్:

ఉత్తరాలపెట్టె గారు చెప్పినదానికి టెక్నికల్ వైపు నుంచి కొంత కలుపుతాను. స్పామ్ భయం అన్నారు కాబట్టి, మెయిల్ రాసేముందే ఈ పని ముగించండి.

మొదట, పంపేవారి చిరునామా మీ సొంత డొమైన్‌ది (మీ వెబ్‌సైట్ పేరుతో ముగిసేది) ఉండాలి. జీమెయిల్ లేదా యాహూ ఐడీని ఫ్రమ్‌లో పెట్టి టూల్ నుంచి పంపొద్దు. యాహూ 2014లోనే తన డీమార్క్ పాలసీని (తన పేరుతో వచ్చే అనుమానాస్పద మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే నియమాన్ని) రిజెక్ట్‌కి మార్చింది, అంటే యాహూ పేరుతో బయటి సర్వర్ నుంచి వచ్చే మెయిల్‌ని తిప్పికొట్టమని మిగతా సర్వర్లకి చెప్తుంది. జీమెయిల్ పేరుతో బయటి నుంచి పంపడాన్ని గూగుల్ కూడా వద్దనే చెప్తుంది.

సొంత డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పెట్టాలి. ఈ డొమైన్ పేరుతో పంపే హక్కు ఏ సర్వర్లకి ఉందో ఎస్‌పీఎఫ్ చెప్తుంది. డీకిమ్ అన్నది ఈ మెయిల్ ఆ డొమైన్ నుంచే వచ్చిందనీ, దారిలో మారలేదనీ నిరూపించే సంతకం. ఆ రెండిట్లో ఏ ఒక్కటీ ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌తో కలవకపోతే ఏం చేయాలో డీమార్క్ చెప్తుంది. మీ టూల్ ఇచ్చిన విలువల్ని డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ (డొమైన్ సెట్టింగ్స్ ఉండే) పేజీలో పెడితే అయిపోతుంది. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. ఇప్పటికే ఒకటి ఉంటే రెండోది కొత్తగా పెట్టకుండా, పాతదాంట్లోనే టూల్ పేరు కలపండి. అందులో డీఎన్‌ఎస్ లుకప్‌లు (ఆ రికార్డు చదివేటప్పుడు వేరే రికార్డుల్ని వెతకాల్సి రావడం) 10 దాటకూడదు. డీమార్క్‌ని ముందు నన్ (none, అంటే ఏ మెయిల్‌నీ ఆపొద్దు) అనే పాలసీతో మొదలుపెట్టి, రిపోర్టులు చూసి, అంతా సరిగ్గా ఉందని తెలిశాక బిగించండి.

గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి బల్క్‌గా పంపేవాళ్లకి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి. రోజుకి 5,000 లేదా అంతకన్నా ఎక్కువ మెయిల్స్ జీమెయిల్ ఐడీలకి పంపేవాళ్లని గూగుల్ బల్క్ కింద లెక్కేస్తుంది. మీరు ఆ సంఖ్యకి దూరంగానే ఉన్నారు, అయినా ఇప్పుడే అన్నీ పెట్టుకోండి. ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే హెడర్ (మెయిల్‌తోపాటు వెళ్లే, చదివేవాళ్లకి కనిపించని సమాచారం) కూడా ఆ నిబంధనల్లో ఉంది, అడిగినవాళ్లని రెండు రోజుల్లోపు తీసేయాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంచుకోమని గూగుల్ సలహా. వెయ్యి మందికి పంపితే ఒక్కరు స్పామ్ అని నొక్కినా 0.1 అయిపోతుందని గుర్తుంచుకోండి. అందుకే అన్‌సబ్‌స్క్రైబ్ లింక్‌ని దాచొద్దు. అది వెంటనే కనిపించకపోతే జనం నొక్కేది స్పామ్ బటనే. మీ డొమైన్ పరిస్థితి గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఉచితంగా చూసుకోవచ్చు, కాకపోతే పంపేది బాగా తక్కువైతే అక్కడ డేటా కనిపించదు.

మెయిల్ సైజు కూడా చూసుకోండి. దాదాపు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి పక్కన పెడుతుంది. అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ ఉండేది చివరే కాబట్టి పోయేది అదే.

వేరే దేశాల్లో సబ్‌స్క్రైబర్లు ఉంటే అక్కడి చట్టాలు కూడా వర్తిస్తాయి. అమెరికా క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం మార్కెటింగ్ మెయిల్‌లో పోస్టల్ అడ్రస్ ఉండాలి, వద్దన్నవాళ్లని 10 పని దినాల్లోపు తీసేయాలి. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది. వాళ్లు ఎప్పుడు, దేనికి ఒప్పుకున్నారో చూపించగలగాలి. పీడీఎఫ్ కోసం ఐడీ ఇవ్వడం వేరు, మెయిల్స్‌కి ఒప్పుకోవడం వేరు. ఫారం మీదే "పీడీఎఫ్‌తోపాటు పాఠాలు, కోర్సు వివరాలు మెయిల్‌లో పంపుతాం" అని రాసి ఒప్పుకోలు తీసుకోండి.

నిదానం:

నేను ఒకటే చెప్పాలి. మీ ఆటోమేషన్‌లో "ఓపెన్ చేశారా?" అన్న కండిషన్ మీద ఏదీ ఆధారపడకుండా చూడండి. ఓపెన్ అయిందని తెలిసేది మెయిల్‌లో ఉండే ఒక చిన్న కనిపించని బొమ్మ లోడ్ అవడం వల్ల. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే మనిషి మెయిల్ చదివినా చదవకపోయినా ఆ బొమ్మ ముందే లోడ్ అయిపోతుంది. బొమ్మలు ఆపేసుకుని చదివేవాళ్లు దీనికి తిరగేసిన లెక్క, చదివినా చదవనట్టే కనిపిస్తారు. "ఓపెన్ చేయనివాళ్లకి అదే మెయిల్ మళ్లీ పంపు" అన్న సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. చదివినవాళ్లకే మళ్లీ వెళ్లే అవకాశం ఉంది కాబట్టి నేనైతే వద్దంటాను. క్లిక్స్, రిప్లైలు, కొనుగోళ్లు చూడండి.

ఇంకోటి, ఆరు మెయిల్స్ కూడా నాకు ఎక్కువే అనిపిస్తోంది. నాలుగు రాసి, జనం ఏం అడుగుతున్నారో చూసి, మిగతా రెండూ ఆ తర్వాత రాస్తే బాగుంటుంది.

స్వరలిపి:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక్క వేలు జరిపే పాఠం నేను క్లాసులో మొదటివారమే చెప్తాను, దాన్ని మెయిల్‌గా రాయొచ్చని నాకు తట్టలేదు. రెండో మెయిల్ అదే పెడుతున్నాను. డీఎన్‌ఎస్ రికార్డులు కూడా పెట్టేశాను, టూల్‌లో మూడూ పచ్చ టిక్ చూపిస్తున్నాయి.

మొదటి మెయిల్ ఇలా రాశాను, ఒకసారి చూడండి:

"ప్రియమైన సబ్‌స్క్రైబర్, మా సంగీత కుటుంబంలోకి మీకు హృదయపూర్వక స్వాగతం! మీరు కోరిన కార్డ్స్ చార్ట్ ఈ మెయిల్ చివర్లో ఉంది. మా సంస్థ నాణ్యమైన సంగీత విద్యని అందరికీ అందుబాటులోకి తేవాలన్న లక్ష్యంతో పనిచేస్తోంది. మా కోర్సులు, మా యూట్యూబ్ ఛానల్, మా ఇన్‌స్టాగ్రామ్ పేజీ కోసం ఈ కింది లింకులు చూడండి. ఈ మెయిల్‌కి రిప్లై ఇవ్వవద్దు."

పాత రెండు వేల మంది సంగతి కూడా కాస్త చెప్పండి.

ఉత్తరాలపెట్టె:

చూశాను. దీన్ని తిరగరాయాలి. వాళ్లు వచ్చింది చార్ట్ కోసం, అది చివర్లో ఉంది. రాస్తున్నది మీరొక్కరే, మెయిల్ మాత్రం సంస్థ పేరుతో మాట్లాడుతోంది. నాలుగు వైపులకి లింకులిస్తే ఏదీ నొక్కరు. ఇక ఆ చివరి వాక్యం తప్పకుండా తీసేయాలి. మీకు వచ్చే రిప్లైలకన్నా విలువైంది ఈ వ్యవహారం మొత్తంలో ఇంకోటి లేదు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే. మీరు అడిగిన కార్డ్స్ చార్ట్ ఇదిగో, ఈ లింక్‌లో ఉంది. ప్రింట్ తీసి కీబోర్డు ముందు పెట్టుకోండి, మొదటి వారం పై వరస చాలు, కిందివి తర్వాత చూసుకోవచ్చు. రేపో ఎల్లుండో ఒక చిన్న పాఠం పంపుతాను, ఒకేసారి ఒక్క వేలు జరిపి కార్డ్ మార్చడం ఎలాగో అందులో ఉంటుంది. మూడు వారాల్లో మొత్తం ఆరు మెయిల్స్ వస్తాయి, చివరి మూడిట్లో నా కోర్సు గురించి కూడా చెప్తాను. వద్దనుకుంటే కింద ఉన్న లింక్‌తో ఎప్పుడైనా ఆపేయొచ్చు. ఒక్క మాట అడగనా? కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు మీకు ఎక్కడ ఇబ్బంది వస్తోంది? ఈ మెయిల్‌కే రిప్లై రాయండి, నేనే చదువుతాను."

ఆ ప్రశ్నకి వచ్చే జవాబులన్నీ ఒకచోట దాచుకోండి. మూడో మెయిల్‌లో ఏ ఇబ్బంది తీర్చాలో అవే చెప్తాయి. కోర్సు మెయిల్‌లో వాడాల్సిన మాటలు కూడా వాటిలోనే దొరుకుతాయి. నిదానం గారన్నట్టు నాలుగు రాసి మొదలుపెట్టడం నాకూ నచ్చింది, కాకపోతే అలా మొదలుపెడితే ఈ మెయిల్‌లో ఆరు అన్న మాట తీసేయండి. ఓపెన్ల విషయంలో కూడా ఆయన మాటే నా మాట. పేరు పెట్టి పిలవాలనుకుంటే, పేరు ఇవ్వనివాళ్లకి ఏం కనిపించాలో కూడా టూల్‌లో పెట్టాలి, లేకపోతే "నమస్తే" పక్కన ఖాళీ వస్తుంది. నా మటుకు నేను పేరు లేకుండానే రాస్తాను, ఏమీ లోటుండదు.

పాత రెండు వేల మందిని ఈ వరసలో పెట్టొద్దు. ఎప్పుడో ఏడాది కింద చార్ట్ తీసుకున్న మనిషికి ఇవాళ "మీరు అడిగిన చార్ట్ ఇదిగో" అని వెళ్తే తికమక పడతారు. పైగా ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మీ ట్రిగ్గర్ ట్యాగ్ మీద ఆధారపడి ఉంటే, పాత లిస్టుకి ఏదో పని మీద ఆ ట్యాగ్ వేయగానే రెండు వేల మందీ ఒక్కసారిగా లోపలికి వచ్చేస్తారు. ఆటోమేషన్ ఆన్ చేసేటప్పుడు కొన్ని టూల్స్ "ఇప్పటికే ఉన్నవాళ్లని కూడా చేర్చాలా?" అని అడుగుతాయి. అక్కడ వద్దు అనండి.

పాతవాళ్లని చేరిన తేదీని బట్టి విడగొట్టండి. గత మూడు నాలుగు నెలల్లో చేరినవాళ్లు, లేదా ఈమధ్య ఏదో ఒక లింక్ నొక్కినవాళ్లు ఒక గుంపు. వాళ్లకి ఒక వేలు పాఠాన్నే మామూలు ఉత్తరంలా ముందు పంపండి. ఫిర్యాదులు, బౌన్సులు (తిరిగొచ్చిన మెయిల్స్) ఎలా ఉన్నాయో చూసి, ఆ తర్వాత ఇంకొంచెం పాతవాళ్లకి. ఇలా కొత్తవాళ్ల నుంచి పాతవాళ్ల వైపు కొన్ని వందల చొప్పున వెళ్తే ఏదైనా తేడా కనిపించినా అక్కడితో ఆపొచ్చు.

మరీ పాతవాళ్లకి, మీ నుంచి చాలాకాలంగా ఏమీ వెళ్లనివాళ్లకి, ఒకే ఒక్క మెయిల్ రాయండి. మీరెవరో, వాళ్లు ఎప్పుడు ఏం తీసుకున్నారో గుర్తుచేసి, "పాఠాలు పంపమంటారా?" అని అడిగి ఒక బటన్ పెట్టండి. నొక్కినవాళ్లని ఉంచండి. నొక్కనివాళ్లని లిస్టులోంచి తీసేయండి. రెండు వేలు పన్నెండు వందలకి తగ్గినా బాధపడకండి. పాత ఐడీల్లో కొన్ని యజమానులు వదిలేసినవి ఉంటాయి. అలా వదిలేసిన ఐడీలని కొన్నిసార్లు మెయిల్ కంపెనీలు స్పామ్ పంపేవాళ్లని పట్టుకోవడానికి ఉచ్చులుగా వాడతాయి. అలాంటివి లిస్టులో ఉంటే నష్టపోయేది కొత్తవాళ్లకి వెళ్లే మెయిల్సే. ఇకమీదట చేరేవాళ్లకి డబుల్ ఆప్ట్-ఇన్ పెట్టండి. కన్ఫర్మ్ లింక్ నొక్కితేనే చేరినట్టు. టైపింగులో తప్పుపోయిన ఐడీలు గడప దగ్గరే ఆగిపోతాయి.

ఆన్ చేసేముందు ఒక టెస్ట్ చేయండి, ఇది పావుగంట పని. జీమెయిల్‌లో మీ ఐడీకి ప్లస్ గుర్తు పెట్టి, దాని తర్వాత ఏ మాట రాసినా ఆ మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కే వస్తుంది, టూల్ మాత్రం దాన్ని కొత్త మనిషిగా చూస్తుంది. అలా ముగ్గురు మనుషుల్ని తయారుచేయండి. ఒకరు ఏమీ చేయకుండా చివరిదాకా వెళ్లాలి, ఒకరు మధ్యలో అన్‌సబ్‌స్క్రైబ్ చేయాలి, ఒకరు నాలుగో మెయిల్ తర్వాత కొనాలి. డిలేలన్నీ తాత్కాలికంగా రెండు నిమిషాలకి మార్చి ముగ్గుర్నీ వదలండి. కొన్న మనిషికి ఐదో మెయిల్ వస్తే కండిషన్ తప్పుచోట ఉన్నట్టే. అది సరిచేశాక డిలేలు మళ్లీ రోజులకి మార్చి, మెయిల్స్ సాయంత్రం వేళల్లోనే వెళ్లేలా గంటలు పెట్టండి. మీవాళ్లు ప్రాక్టీస్ చేసేది రాత్రిపూట అన్నారు కదా. చదివేవాళ్లు ఉండే చోటి సమయాన్ని బట్టి పంపే సౌకర్యం టూల్‌లో ఉంటే అదే ఎంచుకోండి.

రిప్లై-టు (జవాబులు చేరే చిరునామా) దగ్గర మీరు రోజూ చూసే ఐడీ ఉందో లేదో కూడా ఆ టెస్ట్‌లోనే తేల్చుకోండి. మొదటి మెయిల్‌కి మీరే ఒక రిప్లై కొట్టి, అది ఎక్కడికి వచ్చిందో చూడండి. వచ్చిన జవాబుల్లో ఎక్కువమందికి ఏ ఇబ్బంది ఉందో ఇక్కడ రాస్తే మూడో మెయిల్ అందరం కలిసి చూద్దాం.